ఏసీ తిరుగుతోందంటే ఎర్త్ ఉన్నట్టు కాదు

అమెరికాలో వేసవి సెలవులకు ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంటగది ఉండే బండి, అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బండి అప్పగించేటప్పుడు నీళ్ళ ట్యాంకు ఎలా నింపాలో, మురుగు గొట్టం ఎక్కడ తగిలించాలో, గ్యాస్ ఎలా కట్టేయాలో ఓపిగ్గా చూపించేవారు కూడా కరెంటు దగ్గరికి వచ్చేసరికి 'ఈ కేబుల్ తీసి అక్కడి సాకెట్లో పెట్టండి' అని ఒక్క మాటతో ముగిస్తే, వినేవాళ్ళు అంతకు మించి ఏమీ లేదనుకుంటారు. నీళ్ళ దగ్గర పొరపాటు జరిగితే బట్టలు తడుస్తాయి. కరెంటు దగ్గర జరిగితే, తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకున్న పిల్లవాడి ప్రాణం పోవచ్చు.

ప్లగ్గు పెట్టాక లోపల లైట్లు వెలిగితే అంతా సవ్యంగా ఉందనుకోవడం సహజం. ఆర్‌వీలో లైట్లు ఎక్కువగా 12 వోల్టుల బ్యాటరీ మీద వెలుగుతాయి. చాలా బళ్ళలో ఫ్రిజ్ గ్యాస్ మీద కూడా నడుస్తుంది. కాబట్టి అవి ఏమీ చెప్పవు. ఏసీ తిరిగితే తెలిసేది కూడా ఒక్కటే: రెండు తీగల మధ్య 120 వోల్టులకు దగ్గరగా ఏదో ఉంది. మూడో తీగ, అంటే ఎర్త్, తెగిపోయినా, తుప్పు పట్టినా, అసలు కలపకపోయినా ఏసీకి తెలియదు. పరికరాలను నడిపే తీగలు రెండే. మనుషులను కాపాడే తీగ మూడోది. ఆ మూడో తీగ పనిచేస్తోందో లేదో పరికరాలు ఎప్పటికీ చెప్పవు కాబట్టి, మనమే అడిగి తెలుసుకోవాలి.

ఇంటి సాకెట్‌కూ క్యాంప్‌గ్రౌండ్ (ఇలాంటి బళ్ళు ఆపుకుని బస చేసే చోటు) సాకెట్‌కూ తేడా కూడా ఇక్కడే ఉంది. ఇంట్లో ఫ్రిజ్ ప్లగ్గు ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి కదలదు. క్యాంప్‌గ్రౌండ్‌లో పవర్ పెడస్టల్, అంటే సాకెట్లు, బ్రేకర్లు ఉండే పెట్టె, ఎండకూ వానకూ బయటే నిలబడి ఉంటుంది. రోజుకొకరు వచ్చి ప్లగ్గు గుచ్చుతారు, పీకుతారు. కొందరు బ్రేకర్ ఆపకుండానే పీకుతారు. బళ్ళు వెనక్కి వస్తూ దాన్ని గుద్దుతాయి. లోపల స్క్రూలు వదులవుతాయి, చీమలు గూళ్ళు పెడతాయి. నిన్నటి వరకు బాగున్నదే ఇవాళ పాడై ఉండవచ్చు.

అసలు హుకప్, అంటే బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు, అన్ని చోట్లా ఉండదు. యొసెమిటీ జాతీయ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు హుకప్‌లే లేవు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గరా, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్‌లోనూ ఉన్నాయి. ప్రైవేటు పార్కుల్లో దాదాపు అన్నిచోట్లా ఉంటాయి.

పెడస్టల్‌లో ఏముంటుంది

మూత ఎత్తితే సాధారణంగా మూడు రకాల సాకెట్లు కనిపిస్తాయి. ఒకటి మామూలు ఇంటి సాకెట్ లాంటి 20 ఆంపియర్లది. రెండోది 30 ఆంపియర్లది. దీన్ని టీటీ-30 అంటారు, గుండ్రని ఎర్త్ రంధ్రం, ఏటవాలుగా రెండు చీలికలు ఉంటాయి. మూడోది 50 ఆంపియర్లది, నాలుగు రంధ్రాలుంటాయి. పైది ఎర్త్, దానికి ఎదురుగా ఉన్న నిలువు చీలిక న్యూట్రల్, పక్కల రెండూ ఫేజ్‌లు.

ఇక్కడ మన దేశంలో అలవాటైన లెక్క పనిచేయదు. మనకు ఇంట్లో ఒక ఫేజ్, ఒక న్యూట్రల్, మధ్యలో 230 వోల్టులు. అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు ఫేజ్ తీగలు వస్తాయి. ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, ఆ రెండింటి మధ్య 240. 30 ఆంపియర్ల సాకెట్‌లో వీటిలో ఒక్క ఫేజే ఉంటుంది, అంటే 3,600 వాట్లు. 50 ఆంపియర్ల సాకెట్‌లో రెండూ ఉంటాయి, అంటే మొత్తం 12,000 వాట్లు. అంకెలు చూసి 50 అంటే 30 కన్నా కొంచెం ఎక్కువ అనుకుంటారు గాని, నిజానికి అది మూడు రెట్లు దాటిన సామర్థ్యం.

రంగుల సంగతి గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో వైరింగ్ చూసి పెరిగినవారికి ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికాలో నలుపే ఫేజ్, రెండో ఫేజ్ ఉంటే అది ఎరుపు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చది లేదా తొడుగు లేని రాగి తీగ ఎర్త్. ఇంటి దగ్గర చిన్నాచితకా కరెంటు పనులు సొంతంగా చేసుకున్న అనుభవం ఉన్నవారే ఇక్కడ ఎక్కువ ప్రమాదంలో పడతారు, ఎందుకంటే వాళ్ళ చేతికి నలుపు తీగ అంటే భయం లేదు. పెడస్టల్ కవరు విప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు. మనం చేయవలసిన పరీక్షలన్నీ సాకెట్ రంధ్రాల దగ్గరే అవుతాయి.

ఎర్త్ తెగితే బండి ఒళ్ళంతా కరెంటు

ఆర్‌వీ రబ్బరు టైర్ల మీద నిలబడుతుంది. జాక్‌ల కింద చెక్కలు పెడతాం. అంటే నేలతో దానికి విద్యుత్ సంబంధం దాదాపుగా లేదు. దాని ఇనుప ఛాసీ (అడుగు చట్రం), అల్యూమినియం ఒళ్ళు, మెట్లు, తలుపు పిడి అన్నీ కేబుల్‌లోని ఎర్త్ తీగకు కలిపి ఉంటాయి. లోపల ఎక్కడైనా ఫేజ్ తీగ ఒరుసుకుని ఛాసీకి తగిలితే, ఆ తీగ గుండా భారీ కరెంటు వెనక్కి ప్రవహించి బ్రేకర్ పడిపోవాలి. ఇదీ ఏర్పాటు.

ఆ తీగ పెడస్టల్ దగ్గర తెగిపోతే ఛాసీ గాలిలో వేలాడుతున్నట్టే. అప్పుడు దాని మీదికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? రెండు దారులున్నాయి, వాటి మధ్య తేడా పైకి తెలియకపోవడమే ఇందులోని కీలకమైన చిక్కు. టీవీ, చార్జర్లు, కన్వర్టర్ వంటి వాటిలో ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కు కలిపి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు ఇవి ఛాసీని సుమారు 60 వోల్టుల దగ్గరికి లేపుతాయి. అయితే వాటి గుండా వచ్చే కరెంటు చాలా తక్కువ. తలుపు ముట్టుకుంటే జివ్వుమంటుంది, అంతే. రెండో దారి వేరు. వాటర్ హీటర్ ఎలిమెంట్ చిట్లి నీళ్ళు లోపలికి పోయినా, నలిగిన తీగ ఛాసీకి తగిలినా, ఒళ్ళు మీదికి ఏకంగా 120 వోల్టులు వస్తాయి, వెనకాల 30 ఆంపియర్ల బ్రేకర్ బలంతో. మొదటిది ఏ క్షణంలోనైనా రెండోదిగా మారవచ్చు.

'ఆర్‌వీ అన్నాక కొంచెం జివ్వుమనడం మామూలే' అనే మాట క్యాంప్‌గ్రౌండ్లలో వినిపిస్తే నమ్మకండి. మామూలు కాదు. జివ్వుమందంటే ఎర్త్ పోయిందని అర్థం. ఎర్త్ సరిగ్గా ఉన్న బండి ముట్టుకుంటే ఏమీ తెలియకూడదు.

ఎంత కరెంటు ప్రమాదకరం? ఒక మిల్లీఆంపియర్ దగ్గర స్పర్శకు తెలుస్తుంది. సుమారు 10 దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. 100 దగ్గర గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం. తడిచేయి, తడికాలు అయితే ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. 120 వోల్టులను వెయ్యితో భాగిస్తే 120 మిల్లీఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకర్ పడాలంటే 30,000 మిల్లీఆంపియర్లు దాటాలి. అంటే మనిషి పోతున్నా ఆ బ్రేకర్‌కు తెలియదు. 20 ఆంపియర్ల సాకెట్‌కు ఉండే జీఎఫ్‌సీఐ, అంటే దారి తప్పి పోయే కరెంటును పసిగట్టి సరఫరా ఆపే పరికరం, 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల మధ్యే ఆపేస్తుంది. మన ఇళ్ళలోని ఆర్‌సీసీబీ చేసే పనే అది. 30, 50 ఆంపియర్ల సాకెట్లకు చాలా పెడస్టళ్ళలో ఆ రక్షణ ఉండదు.

బండి లోపల కూర్చున్నవారికి షాక్ కొట్టదు. కాళ్ళ కింది నేల, చేతికి తగిలే లోహం అన్నీ ఒకే వోల్టేజీలో ఉంటాయి కాబట్టి. షాక్ కొట్టేది బయటి నేల మీద ఒక కాలు, బండి మీద ఒక చేయి ఉన్నవారికి. తెల్లవారుజామున మంచులో తడిసిన గడ్డి మీద నడిచి వచ్చి మెట్టు ఎక్కేవారికి.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది: బండి పక్కన నేలలో ఒక ఇనుప కడ్డీ దిగగొట్టి ఛాసీకి తీగ కడితే సరిపోదా? ఊళ్ళో ఇంటి పక్కన ఎర్త్ గుంత చూసినవారికి ఇది మరీ సహజంగా తోస్తుంది. సరిపోదు. నేల మంచి వాహకం కాదు. కడ్డీ నిరోధం 25 ఓమ్‌లు ఉందనుకుందాం, అది మంచి కడ్డీయే. 120ని 25తో భాగిస్తే 4.8 ఆంపియర్లు. బ్రేకర్ పడదు, ఛాసీ మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. బ్రేకర్‌ను పడగొట్టేది నేల కాదు. పెడస్టల్ నుంచి మెయిన్ ప్యానెల్ దాకా వెళ్ళి అక్కడ న్యూట్రల్‌తో కలిసే ఆ ఆకుపచ్చ తీగ. ఆ దారి తెగితే దానికి బదులు మరొకటి లేదు.

న్యూట్రల్ పోతే

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగి వీధి వీధంతా టీవీలు, ఫ్యాన్లు కాలిపోవడం మన ఊళ్ళలో తెలిసిన సంగతే. 50 ఆంపియర్ల సాకెట్‌లో న్యూట్రల్ పోతే జరిగేదీ అదే. రెండు ఫేజ్‌ల మధ్య 240 వోల్టులుంటాయి. వాటిని చెరి 120గా పంచి పెట్టేది న్యూట్రల్. అది లేకపోతే రెండు వైపుల పరికరాలు ఒకదాని వెనుక ఒకటిగా 240 మీద వేలాడతాయి. ఒక వైపు 1,200 వాట్ల మైక్రోవేవ్, మరో వైపు 120 వాట్ల టీవీ ఉన్నాయనుకోండి. మైక్రోవేవ్ నిరోధం 12 ఓమ్‌లు, టీవీది 120 ఓమ్‌లు. లెక్క కడితే మైక్రోవేవ్‌కు దాదాపు 22 వోల్టులు, టీవీకి 218. తక్కువ కరెంటు వాడే పరికరమే ముందు కాలిపోతుంది. ఎప్పుడు ఏది నడుస్తోందన్న దాన్ని బట్టి ఈ పంపకం మారుతూనే ఉంటుంది.

30 ఆంపియర్లలో న్యూట్రల్ పోతే ఏదీ నడవదు, అంతే. అయితే ఫేజ్ మాత్రం లోపలి తీగలన్నిటిలో ఉంటుంది. ఏదీ నడవట్లేదు కదా అని చేయి పెట్టకూడదు.

50 ఆంపియర్ల సాకెట్‌కే మరో తప్పు ఉంది. రెండు ఫేజ్‌లూ ఒకే తీగ నుంచి తెచ్చి కలిపిన సందర్భాలు. అప్పుడు ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ 120 సరిగ్గానే చూపిస్తుంది, ఏసీలు రెండూ నడుస్తాయి. మామూలుగా న్యూట్రల్‌లో రెండు వైపుల కరెంట్ల తేడా మాత్రమే ప్రవహిస్తుంది. ఇక్కడ రెండూ కలిసి ప్రవహిస్తాయి, 50కి బదులు 100 దాకా. న్యూట్రల్‌కు బ్రేకర్ లేదు. కేబుల్ వేడెక్కి కరగడం మొదలుపెట్టినా ఆపే నాథుడుండడు. రెండు ఫేజ్‌ల మధ్య కొలిచి 240 ఉందని చూడటం ఒక్కటే దీన్ని పట్టిస్తుంది. అక్కడ సున్నా వస్తే ఆ సాకెట్ వద్దు.

అన్నీ సరిగ్గా ఉన్నట్టు చూపించే తప్పు

మూడు దీపాల టెస్టర్ చౌకగా దొరుకుతుంది, సాకెట్‌లో పెడితే రంగులను బట్టి లోపం చెబుతుంది. ఎర్త్ తెగడం, ఫేజ్‌కు బదులు న్యూట్రల్ రావడం వంటివి పట్టుకుంటుంది. దాన్ని తప్పక వాడాలి. కానీ అన్నిటికన్నా ప్రమాదకరమైన లోపం దానికి కనిపించదు.

1960లకు ముందు కట్టిన పాత ఇళ్ళలో సాకెట్లకు రెండు తీగలే వచ్చేవి, ఎర్త్ లేదు. తరువాత ఎవరో మూడు రంధ్రాల సాకెట్ బిగించి, ఎర్త్ లేదని తెలియకుండా ఉండేందుకు ఎర్త్ స్క్రూను న్యూట్రల్‌కు చిన్న తీగతో కలిపేస్తారు. దీనికి తోడు ఫేజ్, న్యూట్రల్ కూడా తారుమారైతే? అప్పుడు న్యూట్రల్ అనుకున్న రంధ్రంలోనూ, దానికి కలిపిన ఎర్త్ రంధ్రంలోనూ 120 వోల్టులుంటాయి. ఫేజ్ రంధ్రంలో సున్నా ఉంటుంది. టెస్టర్ చూసేది రంధ్రాల మధ్య తేడాలను మాత్రమే. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ తేడా 120, ఫేజ్‌కూ ఎర్త్‌కూ 120, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ సున్నా. అచ్చంగా మంచి సాకెట్ లెక్కే. మల్టీమీటర్ కూడా ఇవే అంకెలు చూపిస్తుంది. ప్లగ్గు పెట్టగానే బండి ఒళ్ళంతా నేరుగా ఫేజ్‌కు కలిసిపోతుంది. ఆర్‌వీ విద్యుత్ భద్రత గురించి ఏళ్ళుగా రాస్తున్న అమెరికన్ మైక్ సోకోల్ ఈ లోపం గురించి గట్టిగా హెచ్చరిస్తూ వచ్చారు.

పద్ధతిగా కట్టిన క్యాంప్‌గ్రౌండ్ పెడస్టల్‌లో ఇది అరుదు. బంధువుల ఇంటి ముందు బండి ఆపి, గరాజులోని పాత సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగేటప్పుడే దీని గురించి భయపడాలి.

దీన్ని పట్టుకోవాలంటే రంధ్రాలకు బయట, నిజమైన నేలతో పోల్చే సాధనం కావాలి. తాకకుండానే కరెంటును పసిగట్టే పెన్ను లాంటి టెస్టర్ ఆ పని చేస్తుంది. మన ఇళ్ళలో ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే నియాన్ టెస్టర్‌లాగే ఇది కూడా పట్టుకున్న మనిషి ఒంటినే నేల వైపు దారిగా వాడుకుంటుంది. అందుకే దాన్ని బయట నేల మీద నిలబడి పట్టుకోవాలి. కరెంటు ఎక్కిన బండి లోపల నిలబడి పరీక్షిస్తే మనమూ అదే వోల్టేజీలో ఉంటాం, టెస్టర్ నోరు మెదపదు.

పరీక్షించే తీరు

సైట్‌కు, అంటే మన బండికి కేటాయించిన చోటుకు, చేరగానే, జాక్‌లు దించకముందే, నీళ్ళ పైపు తగిలించకముందే పెడస్టల్ దగ్గరికి వెళ్ళండి. అన్నీ సర్దుకున్నాక లోపం బయటపడితే మళ్ళీ కదలడానికి బద్ధకం అడ్డొస్తుంది, రాజీ పడటం అక్కడే మొదలవుతుంది. వాన పడుతుంటే, నీళ్ళు నిలిచి ఉంటే ఆగండి.

ముట్టుకోకముందు పెన్ను టెస్టర్‌ను పెడస్టల్ లోహపు పెట్టెకు దగ్గరగా పెట్టండి. మోగితే అక్కడితో ఆపి ఆఫీసుకు వెళ్ళండి. మోగకపోతే, టెస్టర్ బతికే ఉందా అని కరెంటు ఉన్న చోట ఒకసారి మోగించి చూడండి. బ్యాటరీ అయిపోయిన టెస్టర్ అన్నిటినీ మంచివనే చెబుతుంది. తరువాత బ్రేకర్లు ఆపి సాకెట్లను కళ్ళతో చూడండి. గోధుమ రంగు మచ్చ, కరిగిన ప్లాస్టిక్, కమురు వాసన ఉంటే ఇక కొలతలు అక్కర్లేదు. వదులైన స్పర్శ దగ్గర పది వంతుల్లో ఒక వంతు ఓమ్ నిరోధం ఉన్నా, 25 ఆంపియర్లు పోతుంటే 60 వాట్ల బల్బంత వేడి ఆ చిన్న చీలికలో పుడుతుంది.

కొలిచేందుకు మళ్ళీ బ్రేకర్ వేయాలి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర ప్రోబ్ వోల్టుల రంధ్రంలోనే ఉందని చూడండి. ఆంపియర్ల రంధ్రంలో ఉండగా సాకెట్‌లో గుచ్చితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. ప్రోబ్‌ల వేళ్ళ అడ్డు దాటి చేయి ముందుకు పోకూడదు.

30 ఆంపియర్లలో రెండు ఏటవాలు చీలికల మధ్య 120కి దగ్గరగా రావాలి. 114 నుంచి 126 వరకు ఆరోగ్యకరమే. గుండ్రని రంధ్రానికీ ఒక చీలికకూ మధ్య మళ్ళీ అదే, రెండో చీలికకు సున్నా లేదా ఒకటి రెండు వోల్టులు. ఎర్త్ నుంచి కొలిస్తే 30, 50 వంటి అర్థంకాని అంకెలు వస్తే అవి ఎక్కడికీ కలవని తీగలో పుట్టే ఉత్త అంకెలు: ఎర్త్ తెగింది. చీలికల మధ్య 240 వస్తే ఎవరో దీన్ని బట్టలు ఆరబెట్టే యంత్రం సాకెట్ అనుకుని కలిపారు. క్యాంప్‌గ్రౌండ్‌లో కన్నా, సొంత ఆర్‌వీ కొనుక్కుని ఇంటి దగ్గర సాకెట్ పెట్టించుకునేటప్పుడు ఇది జరుగుతుంది. '30 ఆంపియర్లు' అని మాత్రమే చెబితే ఎలక్ట్రీషియన్ 240 అనుకోవచ్చు. '120 వోల్టుల టీటీ-30' అని విడమరిచి చెప్పండి, కొలిచాకే బండి కలపండి. లేకపోతే మొదటి క్షణంలోనే పరికరాలన్నీ పోతాయి.

ఏ చీలిక ఫేజో గుర్తు లేకపోతే, 30 నుంచి 15 ఆంపియర్లకు మార్చే అడాప్టర్ పెట్టి అందులో మూడు దీపాల టెస్టర్ గుచ్చితే తారుమారు సంగతి తెలిసిపోతుంది. 50 ఆంపియర్లలో రెండు ఫేజ్‌ల మధ్య 240, ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ, ఎర్త్‌కూ 120 రావాలి.

ఇవన్నీ సరిగ్గా వచ్చినా మీటర్‌కు ఒక పరిమితి ఉంది. అది మైక్రోఆంపియర్లలో కరెంటు తీసుకుని కొలుస్తుంది. తుప్పు పట్టి ఒక్క పోగు మీద వేలాడుతున్న ఎర్త్ తీగ కూడా దానికి నిక్షేపంలా కనిపిస్తుంది. అందుకే చివరి పరీక్ష ప్లగ్గు పెట్టాకే. బ్రేకర్ ఆపి ప్లగ్గు పెట్టండి, అప్పుడు బ్రేకర్ వేయండి, ఎవరినీ బండి ముట్టుకోనివ్వకండి. నేల మీద నిలబడి పెన్ను టెస్టర్‌ను చక్రం బోల్టుకో, తలుపు చట్రానికో దగ్గరగా తీసుకెళ్ళండి. బండి అంత పెద్ద లోహపు ఒళ్ళు మీద కరెంటు ఎక్కితే అది అడుగు దూరం నుంచే మోగడం మొదలుపెట్టవచ్చు. మీటర్ ఉంటే పొడవాటి స్క్రూడ్రైవర్‌ను తడి మట్టిలో గుచ్చి, దానికీ ఛాసీకీ మధ్య వోల్టేజీ చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్‌ను అనుమానించాలి.

ఈ పరీక్ష ఒక్కసారి చేసి మర్చిపోయేది కాదు. ఒక వరుసలోని పెడస్టళ్ళన్నిటికీ ఎర్త్ తీగ ఒకదాని నుంచి ఒకదానికి వెళుతుంది. అది మొదట్లోనే తెగితే ఆ వరుసలోని బళ్ళన్నిటి ఛాసీలూ నేలతో సంబంధం లేకుండా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. మధ్యాహ్నం దాకా అంతా బాగుంటుంది. సాయంత్రం పక్క సైట్‌లోకి చిట్లిన వాటర్ హీటర్‌తో ఒక బండి వస్తుంది. దాని కరెంటు మన తలుపు పిడి మీదికి వస్తుంది. పొద్దున్నే పిల్లలు లేవకముందు టెస్టర్‌తో ఒకసారి చూసుకోవడం నిమిషం పని.

మధ్యాహ్నం ఏసీలు, పడిపోయే వోల్టేజీ

లోవోల్టేజీ గురించి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడ అది ఎందుకు వస్తుందన్నదే ఆసక్తికరం. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 551వ ఆర్టికల్ ఆర్‌వీ పార్కులకు సంబంధించింది. 36 లేదా అంతకన్నా ఎక్కువ సైట్లుంటే, మొత్తం సామర్థ్యంలో 41 శాతానికి ఫీడర్ (సైట్లకు కరెంటు తెచ్చే ప్రధాన తీగ) లెక్కకట్టవచ్చని అందులో ఉంది. అందరూ ఒకేసారి పూర్తిగా వాడరన్న ఊహ మీద వేసిన లెక్క అది. జులై ఎండలో, అన్ని బళ్ళూ రెండేసి ఏసీలు వేసిన మధ్యాహ్నం ఆ ఊహ తప్పుతుంది.

వోల్టేజీ తగ్గితే హీటర్ తక్కువ వేడెక్కుతుంది, పోనీ. ఏసీ కంప్రెసర్ మాత్రం అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి వైండింగ్ పాడవుతుంది. ఉదయం 120 చూసి నిశ్చింతగా ఉండకుండా సాయంత్రం నాలుగైదు గంటలకు మళ్ళీ చూడండి. 108 కిందికి జారుతుంటే ఒక ఏసీ ఆపేయాలి, వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చాలి. 104 దగ్గర ఏదీ నడపకపోవడమే మంచిది.

ఈ పని తనంతట తాను చేసే పరికరాలున్నాయి. ఈఎంఎస్ అంటారు. ప్లగ్గుకూ పెడస్టల్‌కూ మధ్య పెడితే వోల్టేజీ 104 కన్నా తగ్గినా, 132 మించినా, ఎర్త్, న్యూట్రల్ తెగినా, ఫేజ్ తారుమారైనా చాలా మోడళ్ళు కరెంటు ఆపేస్తాయి. ధర కొన్ని వందల డాలర్లు. అద్దె బండి అయితే ఇది ఉందో లేదో ముందే అడగండి. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్ వేరు. పిడుగుపాటు వంటి క్షణికమైన ఎగుడును మింగుతుంది గాని తప్పు వైరింగ్‌ను ఆపదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి పెట్టె మీద చదివి తీసుకోవాలి.

ఈఎంఎస్ ఉన్నా పెన్ను టెస్టర్ మానకూడదని చెప్పడానికి ఒక కారణముంది. ఈఎంఎస్ ఆపేది ఫేజ్ తీగలను. ఎర్త్ తీగను అది ఎప్పుడూ తెంచదు, తెంచకూడదు కూడా. కరెంటు ఆ ఎర్త్ తీగ మీదుగానే వస్తున్నప్పుడు, అంటే పైన చెప్పిన పాత సాకెట్ తప్పు ఉన్నప్పుడు, పక్క బండి లోపం మన మీదికి వచ్చినప్పుడు, ఈఎంఎస్ దాన్ని ఆపలేదు.

లోపం దొరికితే

ప్లగ్గు పెట్టకండి. ఆఫీసులో 'మీ కరెంటు బాగోలేదు' అని కాకుండా 'ఫలానా సైట్‌లో 30 ఆంపియర్ల సాకెట్‌లో ఎర్త్ నుంచి 40 వోల్టులే వస్తోంది' అని అంకెతో చెప్పండి, వేరే సైట్ అడగండి. ఖాళీ లేకపోతే ఆ రాత్రి బ్యాటరీ మీద, గ్యాస్ మీద గడపవచ్చు. ఆర్‌వీ దానికి తయారైనదే.

ప్లగ్గు పెట్టాక బండి జివ్వుమంటే దాన్ని మళ్ళీ ముట్టుకోకుండా పెడస్టల్ దగ్గరికి వెళ్ళి, ముందు టెస్టర్‌తో ఆ పెట్టెను చూసి, బ్రేకర్ ఆపండి. లోపలున్నవారిని బ్రేకర్ ఆపేదాకా లోపలే ఉండమనండి. మంటలు వంటి కారణంతో దిగక తప్పకపోతే, పిడి వదిలేసి రెండు కాళ్ళతో ఒకేసారి నేల మీదికి గెంతాలి. ఒక చేయి బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టకూడదు. బ్రేకర్ ఆపాక ప్లగ్గు కూడా పీకేయండి.

ఎవరైనా బండికి అంటుకుపోతే చేత్తో లాగకండి. లాగినవారూ అంటుకుపోతారు. ముందు బ్రేకర్. తరువాత 911. శ్వాస ఆడకపోతే, నాడి అందకపోతే అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్య గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. తేరుకుని లేచి కూర్చున్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గుండె లయ తప్పడం కొన్నిసార్లు ఆలస్యంగా బయటపడుతుంది.